కార్బన్ డయాక్సైడ్ వాయువు, సిలికా రాయి: ఇది మినహాయింపు కాదు

కార్బన్, సిలికాన్ రెండూ ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరుసకు, అంటే 14వ గ్రూపుకు చెందిన మూలకాలే అయినప్పుడు ఒకదాని డయాక్సైడ్ వాయువుగా, రెండోదాని డయాక్సైడ్ రాయిగా ఎందుకున్నాయని, ఇది ఆవర్తన ధర్మాలకు మినహాయింపా అని అడిగారు. కానే కాదు. ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఏళ్ల తరబడి రసాయనశాస్త్రం చెప్పినవాడిగా ఈ మాట గట్టిగా చెప్పగలను.

ఒకసారి గూడూరు వైపు నుంచి వచ్చిన విద్యార్థిని ఒకరు, అక్కడి మైకా గనుల దగ్గర దొరికే పలుగురాయి (సిలికా, అంటే సిలికాన్ డయాక్సైడ్) ముక్కను నా బల్ల మీద పెట్టి, "సార్, సోడాలో గ్యాసుకూ దీనికీ ఫార్ములా ఒకేలా ఉందేమిటి?" అని అడిగింది. ఆ రాయి అంచుతో గాజు పలక మీద గీయమన్నాను. తెల్లటి గీత పడింది. అంత గట్టిదనానికి కారణం, ఆ రాయిలో విడి అణువులంటూ లేకపోవడమే. ప్రతి సిలికాన్ పరమాణువు నాలుగు ఆక్సిజన్లతోనూ, ప్రతి ఆక్సిజన్ రెండు సిలికాన్లతోనూ ఏకబంధాలతో ముడిపడి ఉంటాయి కనుక, దాన్ని కరిగించాలంటే సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి.

తర్వాత బోర్డు మీద ఆ అమ్మాయి చేతనే బంధశక్తుల (బంధాలను తెంచడానికి కావలసిన శక్తి) లెక్క వేయించాను. కార్బన్ ఆక్సిజన్‌తో రెండు ద్విబంధాలు ఏర్పరిస్తే మోల్‌కు సుమారు 1,600 కిలోజౌళ్లు, నాలుగు ఏకబంధాలైతే 1,430 వచ్చాయి. సిలికాన్ విషయంలో నాలుగు ఏకబంధాలకు 1,800 వస్తే, రెండు ద్విబంధాలకు 1,280 మాత్రమే వచ్చింది. బంధశక్తి ఎక్కువున్న ఏర్పాటే నిలకడైనది కనుక కార్బన్ ద్విబంధాలతో విడి అణువుల వాయువుగా, సిలికాన్ ఏకబంధాల అల్లికతో రాయిగా ఉంటాయి. గ్రూపులో కిందికి వచ్చేకొద్దీ పరమాణువు పెద్దదవుతుంది; సిలికాన్ 3పి ఆర్బిటాల్ (ఎలక్ట్రాన్ ఉండే ప్రాంతం), ఆక్సిజన్ 2పి ఆర్బిటాల్ పక్కపక్కన చాలినంతగా అతిపాతం చెందలేవు, అంటే ఒకదాని మీదికి ఒకటి రాలేవు కాబట్టి ద్విబంధంలోని రెండో బంధమైన π (పై) బంధం బలహీనపడుతుంది. అంటే ఈ తేడాకు మూలం పరమాణు పరిమాణంలోని ఆవర్తన క్రమమే.

నైట్రోజన్ రెండేసి పరమాణువుల అణువుగా, తెల్ల భాస్వరం నాలుగేసి పరమాణువుల అణువుగా ఉండటానికీ, ఆక్సిజన్ వాయువైతే గంధకం ఎనిమిదేసి పరమాణువుల వలయాలుగా ఉండటానికీ కారణం ఇదే. పోటీ పరీక్షల గైడ్లు మాత్రం వీటన్నిటినీ వేర్వేరు మినహాయింపులుగా అచ్చువేసి పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఈ ఒక్క కారణం పట్టుబడితే పి-బ్లాకు (ఆవర్తన పట్టికలో 13 నుంచి 18 వరకు గ్రూపులు) సగం వచ్చినట్లే.

ఒత్తిడి పెంచితే కార్బన్ కూడా ఏకబంధాల వైపే మొగ్గుతుంది. 1999లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు కార్బన్ డయాక్సైడ్‌ను వాతావరణ పీడనానికి దాదాపు నాలుగు లక్షల రెట్ల ఒత్తిడిలో వేడిచేసి, పలుగురాయిని పోలిన ఘనపదార్థంగా మార్చి చూపించారు.