నాలుగు ఆదాయాలు అంటున్నావు కదా, అవి నిజంగా నాలుగేనా చూసుకో

అమ్మలూ,

నువ్వు పంపిన లిస్టు రెండుసార్లు చదివాను. బ్లౌజ్ ఆర్డర్లు ఉన్నాయి, యూట్యూబ్ డబ్బులు వస్తున్నాయి, దారాల కంపెనీ వాళ్ళ ప్రమోషన్ ఒకటి వచ్చింది, వీడియో కింద పెట్టే అఫిలియేట్ లింకుల మీద, అంటే ఎవరైనా వాటి నుంచి కొంటే వచ్చే కమీషన్, కొంచెం వస్తోంది, ఇప్పుడు ఇంకా మగ్గం పనికి, అంటే ఫ్రేమ్‌కి గుడ్డ బిగించి చేసే ఎంబ్రాయిడరీకి, కిట్లు అమ్ముదామా, ఆన్‌లైన్ క్లాసులు పెడదామా, పెళ్ళి బ్లౌజులు రెంటుకి ఇద్దామా, చీర కొంగుకి కట్టే కుచ్చులు కూడా మొదలుపెడదామా పెద్దమ్మా అని అడిగావు. నీ ఉత్సాహం చూస్తే చాలా సంతోషంగా ఉంది. విజయవాడలో ఇన్నేళ్ళు టైలరింగ్ షాపు నడిపి, మగ్గం నేర్పించి, మెటీరియల్ అమ్మి చూసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది మొత్తం రాస్తున్నా, కాస్త పెద్ద ఉత్తరం, ఓపిగ్గా చదువు.

ముందు ఒక పని చెయ్యి. నీ లిస్టులో ప్రతి ఆదాయం పక్కన, ఇది దేని మీద ఆధారపడి ఉంది అని ఒక్క మాట రాయి. యూట్యూబ్ యాడ్స్ డబ్బులు వ్యూస్ మీద. ప్రమోషన్ కూడా వ్యూస్ మీదే, వ్యూస్ పడిపోతే ఆ కంపెనీ వాళ్ళు రెండోసారి ఫోన్ చెయ్యరు. అఫిలియేట్ లింకులు నొక్కేది కూడా ఆ చూసేవాళ్ళే. అంటే పేరుకి మూడు, కానీ ఒకే ట్యాంకుకి బిగించిన మూడు కుళాయిలు. ట్యాంకు ఎండితే మూడూ ఒకేరోజు ఎండిపోతాయి. ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు, 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లని మన ప్రభుత్వం నిషేధించింది గుర్తుందా, మన తెలుగు పిల్లలు ఎంతోమంది దాంట్లో లక్షల్లో ఫాలోవర్లని తెచ్చుకున్నారు, ప్రమోషన్లు చేసుకుంటూ ఇల్లు గడుపుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, మొత్తం పోయింది. యూట్యూబ్‌కి అలా అవుతుందని నేను అనట్లేదు, కానీ నీ ఛానల్ హ్యాక్ అవ్వొచ్చు, రూల్ తప్పావని యూట్యూబ్ వాళ్ళు స్ట్రైక్ వెయ్యొచ్చు, ఏ కారణం లేకుండా వ్యూస్ సగానికి రావచ్చు.

అలాగే ఆర్డర్లు నీ చేతి మీద, నీ కళ్ళ మీద, నీ నడుము మీద ఆధారపడ్డాయి. క్లాసులు కూడా నువ్వే కూర్చుని చెప్తే అవి కూడా నీ శరీరం మీదే. మగ్గం ముందు రోజంతా వంగి కూర్చున్న ఆడవాళ్ళకి నలభై దాటేసరికి మెడ, నడుము ఎలా ఉంటాయో నేను మా షాపులోనే చూశాను, సన్నటి మెటల్ తీగతో కుట్టే జర్దోసి పని చేసేవాళ్ళకి అందరికంటే ముందు కళ్ళద్దాలు వస్తాయి. కాబట్టి కొత్తది ఏది ఎంచుకున్నా, అది నీ వ్యూస్ మీదా నీ చేతి మీదా రెండిటి మీదా ఆధారపడనిది అయ్యుండాలి, కనీసం వాటి మీద భారం తగ్గించేది అయినా అవ్వాలి. నేను నీకు చెప్పదలుచుకున్న అసలు విషయం ఇదే, మిగతావన్నీ దీని చుట్టూ చెప్పేవే.

ఈ లెక్కన చూస్తే కుచ్చులు వద్దు. అది కూడా చేతి పనే, పైగా మీ వీధిలో పదిమంది చేస్తున్నారు, రేటు రాదు. నీ బ్లౌజ్ కస్టమర్ అడిగితే పక్కింటి అమ్మాయికి ఇచ్చి చేయించి పెట్టు, అంతే. రెంటల్ బ్లౌజులు కూడా ఇప్పుడే వద్దు, ఒక్కో బ్రైడల్ బ్లౌజ్‌లో వేలు వేలు ఇరుక్కుంటాయి, సైజు సర్దాలి, డ్రైక్లీనింగ్, రాలిన కుందన్లు మళ్ళీ కుట్టాలి, అందరికీ ఒకే ముహూర్తానికి కావాలి.

ఇంక క్లాసులు. ఇవి పెట్టు, కానీ లైవ్ బ్యాచ్‌తో మొదలుపెట్టు, రికార్డెడ్ కోర్సు తర్వాత. లైవ్‌లో పదిమందికి చెప్తే వాళ్ళు ఎక్కడ తప్పు చేస్తున్నారో తెలుస్తుంది, కొక్కెం ఉన్న ఆరీ సూది పట్టుకునే పద్ధతి, దారం కింద నుంచి అందించడం, ఫ్రేమ్ మీద గుడ్డ బిగువు, ఇవన్నీ నీకు చిన్నప్పుడే వచ్చేశాయి కాబట్టి కొత్తవాళ్ళకి ఎందుకు రావో నీకు తెలీదు. రెండు మూడు బ్యాచ్‌లు అయ్యాక వాళ్ళు అడిగిన డౌట్లే నీ రికార్డెడ్ కోర్సుకి సిలబస్ అవుతాయి. రికార్డెడ్ కోర్సు ఎవరో ఒకరు టెలిగ్రామ్‌లో పెట్టేస్తారు, అది ఆగదు, దాని గురించి నిద్ర పాడుచేసుకోకు. వీడియో దొంగిలించినా, వాళ్ళు కుట్టింది ఫొటో తీసి పంపితే సరిదిద్దే మనిషి దొరకదు కదా, నీ ఫీజు ఆ సరిదిద్దడానికి అని ముందే చెప్పి పెట్టు.

నేర్చుకున్న అమ్మాయిల్లో చెయ్యి బాగున్న ఇద్దరిని ఆర్డర్ పనికి పెట్టుకో, పీసుకి ఇంత అని. అప్పుడు ఆర్డర్లు నీ ఒక్క చేతి మీద నుంచి దిగుతాయి, నువ్వు ట్రేసింగ్, కలర్ సెలక్షన్, ఫినిషింగ్ చూసుకుంటే చాలు. వాళ్ళకి డబ్బులు మాత్రం కస్టమర్ ఇచ్చినా ఇవ్వకపోయినా వారం వారం ఇచ్చెయ్యి, ఆ పిల్లలు కూడా ఇల్లు నడుపుకోవాలి.

ఒకే పని నుంచి ఎన్ని రకాలుగా డబ్బు వస్తుందో కూడా చూడాలి. రామోజీ ఫిల్మ్ సిటీ చూడు, ఒకే స్థలం, దాంట్లోనే షూటింగులు, దాంట్లోనే టూరిస్టులు, దాంట్లోనే పెళ్ళిళ్ళు. రామోజీరావు గారి వ్యాపారాల మధ్య గ్యాప్ కూడా చూడు, 1962లో మార్గదర్శి, 1969లో అన్నదాత పత్రిక, 1974లో ఈనాడు, 1980లో ప్రియా పచ్చళ్ళు, 1995లో ఈటీవీ, 1996లో ఫిల్మ్ సిటీ. ఆయన స్థాయి వేరు, మన స్థాయి వేరు, ఆ అంకెలతో మనకి పని లేదు, కానీ ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఏళ్ళు ఉన్నాయి, అది మనకి పనికొస్తుంది. నువ్వేమో ఈ దసరాకల్లా నాలుగు మొదలుపెడతానంటున్నావు.

నీకు ఒక బ్రైడల్ ఆర్డర్ వచ్చిందనుకో. కుట్టేటప్పుడు ఫోన్ స్టాండుకి పెట్టి తీస్తే అదే వీడియో. ఆ నెక్ డిజైన్, హ్యాండ్స్ డిజైన్ ట్రేసింగ్ ఎలాగూ గీశావు, దాన్ని శుభ్రంగా స్కాన్ చేసి సైజులవారీగా పీడీఎఫ్ చేస్తే వేరే ఊళ్ళలో మగ్గం చేసే ఆడవాళ్ళు కొనుక్కుంటారు, వాళ్ళకి చెయ్యి ఉంటుంది కానీ డ్రాయింగ్ రాదు, నా దగ్గరికి ట్రేసింగ్ పేపర్ల కోసం వచ్చేవాళ్ళు ఎంతమందో. ఒకసారి గీస్తే కొరియర్ లేదు, స్టాకు లేదు, నువ్వు పడుకున్నా అమ్ముడవుతుంది. అదే బ్లౌజ్‌లో లోడ్ వర్క్ (ఉబ్బెత్తుగా నింపి కుట్టేది) ఉంటే అది క్లాసులో ఒక పాఠం. అయితే పెళ్ళికూతురిని అడగకుండా వీడియో పెట్టకు, అడిగినా సరే పెళ్ళి అయ్యేదాకా ఆగు, ఆ అమ్మాయి కట్టుకోకముందే ఊరంతా చూసేస్తే ఆ బాధ మామూలుగా ఉండదు. నీ లిస్టులో అసలు లేనిది ఈ డిజైన్ షీట్లు, నా ఉద్దేశంలో అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది ఇదే.

కిట్ల గురించి కొంచెం ఎక్కువ రాయాలి ఎందుకంటే డబ్బు ఇరుక్కునేది ఇక్కడే. ఫ్రేమ్, సూదులు, సిల్క్ దారాలు, కట్ బీడ్స్, కుందన్లు, గమ్, అన్నీ కలిపి డబ్బాలో పెట్టి అమ్మడం చూడ్డానికి తేలికే. హైదరాబాద్ బేగంబజార్లో హోల్‌సేల్ రేటు చూసి లాభం లెక్కేసుకుంటావు. కానీ గోల్డ్, మెరూన్, గ్రీన్ అయిపోతాయి, మిగతా రంగులు అలాగే ఉండిపోతాయి, జర్దోసి నిలవుంటే నల్లబడుతుంది. డబ్బాలో ఒక్క ప్యాకెట్ చిరిగి పూసలన్నీ కలిసిపోతే వాపస్ వస్తుంది, కొరియర్ ఖర్చు రెండుసార్లు నీదే. అందుకని ముందు నీ క్లాసులో చేరినవాళ్ళకి మాత్రమే కిట్ ఇవ్వు, ఎంతమంది ఫీజు కట్టారో అన్నే డబ్బాలు కట్టు, అప్పుడు స్టాకు మిగలదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, నీకు బెంగళూరు, చెన్నై నుంచి తెలుగువాళ్ళు ఆర్డర్ పెడతారు కదా, కిట్ లాంటి సరుకు వేరే రాష్ట్రానికి అమ్మాలంటే టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కుట్టు కూలి, క్లాసుల ఫీజు లాంటి సర్వీసులకైతే ఏడాది టర్నోవర్ 20 లక్షల దాకా ఆ రిజిస్ట్రేషన్ లేకుండా వెసులుబాటు ఉంది. యూట్యూబ్ నుంచి వచ్చేది కూడా ఆ టర్నోవర్ లెక్కలోకే వస్తుంది, చాలామంది అది వేరే అనుకుంటారు. కిట్లు మొదలుపెట్టకముందే ఒక మంచి సీఏ దగ్గర కూర్చో.

యూట్యూబ్ డబ్బు గురించి నీకు నాకంటే ఎక్కువే తెలుసు. పెద్ద వీడియోల యాడ్స్‌లో నీకు 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం, 100 డాలర్లు నిండితేనే బ్యాంకుకి వస్తుంది. నేను అడిగేది వేరే, యూట్యూబ్ డబ్బులు పంపే ఆడ్‌సెన్స్ ఖాతాలో అమెరికా టాక్స్ ఫారం నింపావా? నింపితే అమెరికాలో చూసినవాళ్ళ వల్ల వచ్చిన డబ్బు మీద మాత్రమే 15 శాతం పోతుంది, నింపకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా కట్ చెయ్యొచ్చు. నీ వీడియోలు డాలస్, న్యూజెర్సీలో మనవాళ్ళు బాగానే చూస్తున్నారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఎన్నారై బ్లౌజ్ ఆర్డర్ల మీద ఆశ పెట్టుకున్నావు. 800 డాలర్ల లోపు పార్సిల్‌కి అమెరికాలో సుంకం లేకుండా ఉండే వెసులుబాటుని 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు, అప్పుడు ఇక్కడ నుంచి చీరలు బ్లౌజులు పంపేవాళ్ళు ఎంత ఇబ్బంది పడ్డారో చూశాం. ఆర్డర్లు తీసుకో, కాదనను, సుంకం కస్టమర్‌దే అని ముందే మెసేజ్‌లో రాసి పెట్టుకో, ఇండియాకి వచ్చే బంధువుల చేతికి ఇచ్చి పంపగలిగితే ఇంకా మంచిది. నెల ఖర్చులకి మాత్రం ఆ డబ్బుని లెక్కేసుకోకు.

ప్రమోషన్లకి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా వీడియో తియ్యకు. ఎన్ని వీడియోలు, ఎన్నాళ్ళు ఉంచాలి, డబ్బు ఎప్పుడు ఇస్తారు, సగం అడ్వాన్స్, ఇవి మెయిల్‌లో ఉండాలి. డబ్బు తీసుకుని చెప్తున్నానని వీడియోలో స్పష్టంగా చెప్పు, తప్పుదోవ పట్టించే ప్రకటనలకి వినియోగదారుల చట్టం కింద మొదటిసారే 10 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. అంతకంటే ముఖ్యంగా, నువ్వు వాడని దారం బాగుందని చెప్పకు, రంగు దిగిందంటే పాడయ్యేది ఒక పిల్ల పెళ్ళి బ్లౌజ్. ఫ్రీగా వచ్చిన ఎంబ్రాయిడరీ మెషిన్ లాంటివి ఉంచేసుకుంటే అది కూడా ఆదాయమే, ఏడాదిలో ఒక కంపెనీ నుంచి 20,000 దాటితే దాని మీద 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, ఉంటుంది.

డబ్బు వచ్చే కాలం గురించి కూడా ఆలోచించు. మన పనికి మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం నిండా ఉంటాయి, మూఢం వచ్చినా, పుష్యం వచ్చినా ఖాళీ. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేకపోయినా శ్రావణానికి కుట్టేది అప్పుడే కాబట్టి ఆ నెల క్లాసులు పెట్టకు, చెయ్యి ఆడదు. ఎండాకాలం సెలవుల్లో కాలేజీ పిల్లలు వస్తారు, పెద్ద బ్యాచ్ అప్పుడే పెట్టు. పంచాంగం, కాలెండర్ రెండూ పక్కన పెట్టుకుని పన్నెండు నెలలకీ ఏ నెల ఏది అని ఇప్పుడే రాసుకో, అలా రాస్తే ఏ నెలలో నిజంగా ఖాళీ ఉందో, ఆ ఖాళీకి ఏ ఆదాయం సరిపోతుందో నీకే తెలుస్తుంది.

లెక్కలు. ఇంటి డబ్బు, పని డబ్బు ఒకే ఫోన్‌పేలో ఉంచకు, పనికి వేరే ఖాతా తియ్యి. ఒక పుస్తకంలో ఒక్కో ఆదాయానికి ఒక్కో పేజీ, వచ్చింది, ఖర్చు, నువ్వు పెట్టిన గంటలు. గంటలు తప్పకుండా రాయాలి, చాలామంది ఇదే రాయరు. ఉదాహరణకి 6,000 మిగిలిన బ్లౌజ్‌కి 40 గంటలు కూర్చుంటే గంటకి 150, అదే 3,000 మిగిలిన క్లాసుకి 10 గంటలు అయితే గంటకి 300, పెద్ద అంకె చూసి మనం బ్లౌజ్ వైపే వెళ్తాం. వచ్చిన ప్రతి పేమెంట్‌లో కొంత టాక్స్ కోసం పక్కన పెట్టు, ఏడాదికి కట్టాల్సిన పన్ను 10,000 దాటేట్టుంటే జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి 15 తేదీలకి అడ్వాన్స్ టాక్స్ కట్టాలి. నీకంటూ ఒక జీతం రాసుకుని నెల మొదట్లోనే తీసుకో, మిగిలింది చూసి తీసుకుందాం అంటే మన ఆడవాళ్ళకి ఎప్పుడూ ఏమీ మిగలదు అమ్మలూ, ఇంట్లో అందరి అవసరాలు ముందు వస్తాయి.

నీ క్లాసు పిల్లల ఫోన్ నంబర్లు, బ్లౌజ్ కస్టమర్ల కొలతలు, అన్నీ వాళ్ళని అడిగి ఒక పుస్తకంలో కూడా రాసుకో, వాట్సాప్‌లోనే వదిలెయ్యకు. ఛానల్ పోయినా ఆ పుస్తకంతో మళ్ళీ పని మొదలుపెట్టొచ్చు.

సరే, ఇప్పుడు ఈ నెలలో చెయ్యాల్సింది రెండే. నీ దగ్గరున్న ట్రేసింగుల్లో బాగా అడిగినవి పది తీసి స్కాన్ చెయ్యి, నీ పుస్తకంలో గంటల లెక్క మొదలుపెట్టు. క్లాసు సంగతి ఆ లెక్క ఒక నెల చూశాక మాట్లాడదాం. స్కాన్ చేసినవి నాకు పంపు, ఏ సైజులో ఎక్కడ గీత సర్దాలో నేను చూసి చెప్తాను, ఆదివారం మధ్యాహ్నం అయితే నాకు ఖాళీ.

మీ పెద్దమ్మ