నాలుగు టేబుళ్లు, పదకొండు బోర్డులు

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరులో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీ ఓపెన్ సోర్స్ క్లబ్ ఒకరోజు డెవలపర్ల మీట్ పెడుతోంది. హార్డ్‌వేర్‌కు నాలుగు టేబుళ్లే ఉన్నాయి, పదకొండు సర్క్యూట్ బోర్డుల (చిన్న కంప్యూటర్ల లాంటివి) వాళ్లు అడుగుతున్నారు. ఎంపిక నాకు అప్పగించారు. వేటికి చోటివ్వాలి? ప్లేస్‌మెంట్ల ముందు ఇదంతా దండగ అంటున్నారు నాన్న. నిజమేనా?

జవాబు: పదకొండు మందీ మీకు స్పీడు, ర్యామ్, ఏఐ గురించే చెప్పి ఉంటారు. వాటిని పక్కన పెట్టి ఒక్కటి అడగండి: ఈ బోర్డు కోడ్‌ను ఇవాళ ఎవరు చూసుకుంటున్నారు? కంపెనీ ఇచ్చిన పాత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) మీదే నడుస్తుందా, కెర్నల్ డాట్ ఆర్గ్‌లో దొరికే మామూలు లినక్స్‌తోనూ బూట్ అవుతుందా?

2013లో రెండు బోర్డులు వచ్చాయి. ఇంటెల్ గెలీలియో వెనక ఎంత పెద్ద కంపెనీ ఉందో చెప్పక్కర్లేదు. అయినా 2017లో ఆపేశారు. బీగల్‌బోన్ బ్లాక్‌లో ఉన్నది 512 ఎంబీ ర్యామే. కానీ దాని సర్క్యూట్ డిజైన్ ఎవరైనా చూడొచ్చు, దాని సపోర్టు మెయిన్‌లైన్ కెర్నల్‌లో, అంటే ఆ మామూలు లినక్స్‌లోనే, చేరిపోయింది. అందుకే ఇన్నేళ్ల తర్వాతా దాని మీద పని చేసుకోవచ్చు. ఇటానియం లాంటి సర్వర్ ప్రాసెసర్ సపోర్టునే చూసుకునేవాళ్లు కరవై లినక్స్ 6.7లో, అంటే 2024 జనవరిలో, తీసేశారు.

మీరే చూసుకోవడానికి పది నిమిషాలు చాలు. కెర్నల్ సోర్స్‌లో ఆ బోర్డు డివైస్ ట్రీ ఫైల్ (బోర్డు మీద ఏ భాగాలున్నాయో లినక్స్‌కు చెప్పేది) ఉందేమో వెతకండి. ఉంటే దాని మీద గిట్ లాగ్ (మార్పుల చరిత్ర చూపే కమాండ్) కొట్టి, చివరి మార్పు ఎప్పుడు, ఎవరు చేశారో చూడండి. లినక్స్ బోర్డు అయ్యుండి ఫైలే లేకపోతే దానికి టేబుల్ వద్దు, ఎంత మెరిసినా సరే.

ఇది నాకు దెబ్బ తగిలాక తెలిసింది. ఓసారి ఇలాంటి మీట్‌లో కొత్తగా వచ్చిన ఓ బోర్డుకు పెద్ద టేబుల్ ఇచ్చాం. బోర్డులో వేయాల్సిన సాఫ్ట్‌వేర్ మొత్తం ఉండే ఇమేజ్ ఫైల్ కంపెనీ డ్రైవ్ లింకులో ఉంది. ముప్పై మంది ఒకేసారి డౌన్‌లోడ్ మొదలుపెట్టేసరికి వైఫై పడిపోయింది. మధ్యాహ్నం భోజనాల దాకా ఒక్క లాగిన్ ప్రాంప్ట్ కూడా కనబడలేదు. మరుసటి ఏడాదికి ఆ లింకే లేదు.

నేనైతే ఇలా పంచుతాను. ఒక టేబుల్ క్యూఈఎంయూకి, అంటే వేరే ప్రాసెసర్‌ను ల్యాప్‌టాప్‌లోనే అనుకరించే సాఫ్ట్‌వేర్‌కి. బోర్డు కొనలేని పిల్లలు కూడా దానితో రిస్క్-ఫైవ్ (ఎవరైనా వాడుకోగల ఓపెన్ ప్రాసెసర్ ప్రమాణం) లినక్స్ బూట్ చేసుకోవచ్చు. ఇంకోటి బీగల్‌బోన్‌కు గానీ రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు గానీ. మూడోది రాస్ప్‌బెర్రీ పై పికో 2కి. ఇది లినక్స్ నడపని చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు కాబట్టి పై పరీక్ష దీనికి వర్తించదు: తక్కువ ధర, ఒకే చిప్‌లో ఆర్మ్ కోర్లూ రిస్క్-ఫైవ్ కోర్లూ ఉన్నాయి. నాలుగోది ఏదైనా రిస్క్-ఫైవ్ లినక్స్ బోర్డుకు. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 2025లో తెచ్చిన 13వ వెర్షన్‌లో రిస్క్-ఫైవ్‌కు అధికారికంగా చోటిచ్చింది కాబట్టి వెళ్లినవాళ్లు ఇంట్లోనూ కొనసాగించగలరు. మద్రాస్ ఐఐటీ వాళ్ల శక్తి ప్రాసెసర్ నాకు ఇష్టమే, డిజైన్ కూడా ఓపెన్. కానీ దానికి ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే మార్చుకోగల చిప్) బోర్డు కావాలి, బిల్డ్‌కే బోలెడు టైమ్ పడుతుంది. టేబుల్ బదులు అరగంట ప్రసంగం పెట్టించండి.

ఇక నాన్నగారి మాట. సగం నిజమే. మీట్ నడిపినందుకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, క్యాంపస్‌లో మొదటి రౌండ్ ఎలాగూ కోడింగ్ టెస్టే. ఆ ప్రాక్టీసు ఒక్క వారం కూడా ఆపొద్దు. కానీ బెంగళూరులో చిప్ కంపెనీలు కొత్తగా వచ్చినవి కావు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985 నుంచీ ఇక్కడ ఉంది. బోర్డు బ్రింగప్ (కొత్త బోర్డును మొదటిసారి పని చేయించడం), డ్రైవర్ల పనికి మనుషులను తీసుకునేటప్పుడు ‘ఏం చేశావు’ అని అడుగుతారు. తీసుకోని బోర్డులన్నిటినీ ఎందుకు వద్దన్నారో ఒక్కో పేరాలో రాసి పెట్టుకోండి. మీట్‌లో ఎవరి ప్యాచ్‌నైనా (కోడ్‌లో సూచించిన మార్పు) బోర్డు మీద పరీక్షించి చూస్తే, కెర్నల్ మెయిలింగ్ లిస్టుకు ‘టెస్టెడ్-బై’ అని మీ పేరుతో రాయండి. ఆ ప్యాచ్ కెర్నల్‌లో చేరితే ఆ పేరు కమిట్‌లో, అంటే ఆ మార్పు రికార్డులో, ఉండిపోతుంది. నాన్నగారికి కూడా తెరిచి చూపించొచ్చు.

ముందురోజే ఇమేజ్‌లన్నీ ఐదారు పెన్‌డ్రైవ్‌లలో వేసుకోండి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్‌పీ రోడ్డులో యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్లు (బోర్డును ల్యాప్‌టాప్‌కు కలిపేవి) కొనేటప్పుడు 3.3 వోల్టులకు మార్చుకునే జంపర్ ఉన్నవే అడగండి. 5 వోల్టులది తగిలిస్తే బోర్డు పిన్ కాలిపోవచ్చు, అప్పుడు ఆ టేబుల్ ఆ రోజుకి ఖాళీ.