డాక్టరు గారి జవాబు: ఆయాసం ఉన్న అత్తయ్యతో కసరత్తా?

ప్రశ్న: మా అత్తయ్యగారికి 67 ఏళ్ళు. పొగ తాగే అలవాటు లేదు. గ్యాస్ వచ్చేదాకా కట్టెల పొయ్యి మీదే వండారు. సీఓపీడీ (ఊపిరి గొట్టాలు సన్నబడి గాలి సరిగా ఆడని జబ్బు) అన్నారు, ఇన్‌హేలర్ వాడుతున్నారు. ఊపిరితిత్తుల పనితీరు చూసే ఊదే పరీక్షలో నిరుటికీ ఇప్పటికీ తేడా లేదట. కానీ పీట మీద కూర్చుంటే లేవలేకపోతున్నారు. బాత్రూంకి వెళ్ళొస్తే ఆయాసం. అందుకని అన్నీ మంచం దగ్గరకే అందిస్తున్నాం. కసరత్తు మంచిదని ఎవరో చెప్పారు. మావారు వద్దంటున్నారు. పెద్దావిడను కష్టపెడుతోందని చుట్టాలు అంటారేమోనని నాకూ టెన్షన్.
– ఒక కోడలు, పల్నాడు జిల్లా

జవాబు: ముందు అన్నీ మంచం దగ్గరకు అందించడం మానండమ్మా. ప్రేమతోనే చేస్తున్నారు, కాదనను. కానీ ఊదే పరీక్ష నిరుటిలాగే ఉండి ఆయాసం మాత్రం పెరిగిందంటే నేను మొదట కాళ్ళు చూస్తాను. ఈ జబ్బులో తొడ కండరాలు త్వరగా తగ్గిపోతాయి. ఆయాసానికి భయపడి నడక మానేస్తారు, దాంతో ఉన్న కండ కూడా పోతుంది. నీరసించిన కండరం ఆక్సిజన్‌ను సరిగా వాడుకోలేదు. కొద్ది పనికే అందులో ఆమ్లం పేరుకుంటుంది, అప్పుడు ఒళ్ళు ఇంకా ఊపిరి కావాలంటుంది. ఊపిరితిత్తుల్లో దెబ్బతిన్న భాగాన్ని మందులు తిరిగి తేలేవు. తొడల బలం మాత్రం ఈ వయసులోనూ పెరుగుతుంది.

ఇంట్లోనే ఒకటి చూడండి. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఎవరూ పట్టుకోకుండా ఐదుసార్లు లేచి కూర్చోమనండి. మీరు పక్కనే ఉండండి. ఆసియా వాళ్ళ కోసం 2019లో నిపుణులు చెప్పిన లెక్క ప్రకారం 12 సెకన్లు, ఆపైన పడితే కాళ్ళ పనితీరు తగ్గినట్టే. అసలు లేవలేకపోతే లెక్కే అక్కర్లేదు.

కసరత్తుకు ముందు గుండె, రక్తహీనత ఒకసారి చూపించండి. ఆయాసం వాటివల్లా పెరుగుతుంది. డాక్టరు సరేనంటే వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం మొదలుపెట్టించండి. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలాలి. రోజూ కాస్త నడక. రొప్పు వస్తుంది, రావాలి కూడా. చిన్న మాటకు జవాబు చెప్పగలిగితే పర్వాలేదు. ఛాతీలో నొప్పి వచ్చినా, తల తిరిగినా, వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ 88 శాతం కంటే తగ్గినా ఆపేయండి. దగ్గర్లో పల్మనరీ రిహాబ్ (ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళకు కసరత్తు నేర్పే చోటు) ఉంటే అక్కడే నేర్చుకోవడం మేలు. రెండు నెలలు వదలకుండా చేశాకే తేడా అడగండి.

తిండి సంగతి నాకు ఒళ్ళు మండే విషయం. ఆయాసం అనగానే మన ఇళ్ళలో గుడ్డు, పెరుగు కఫమని మాన్పించి చారన్నం పెడతారు. చారన్నంతో కండ ఎక్కడినుంచి వస్తుంది? కిడ్నీ జబ్బు లేకపోతే కిలో బరువుకు రోజుకు గ్రాము పైన మాంసకృత్తులు కావాలి. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే, కాబట్టి పప్పు, పెరుగు, చేపలు కూడా కలవాలి. కడుపు నిండా తింటే ఊపిరి ఆడదు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి.

కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం ఆవిడకే ఇవ్వండి. చుట్టాలు ఏమన్నా అంటే డాక్టరు చెప్పారనండి. మీవారికి కూడా ఆ మాటే చెప్పండి.

ఆయాసం ఎక్కువైనప్పుడల్లా ఊళ్ళో ఆరెంపీ దగ్గర ఇంజక్షనో, చిన్న తెల్ల మాత్రలో తెచ్చుకుంటున్నారా? అందులో స్టెరాయిడ్ ఉంటే, మాటిమాటికీ వాడటం వల్ల తొడ కండరాలు ఇంకా కరుగుతాయి. అలాగని చాలా రోజులుగా వాడుతున్నదాన్ని ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. ఆ మాత్రల పట్టీ తీసుకెళ్ళి ఛాతీ డాక్టరుకు చూపించండి.