టెక్ సందేహాలు: అడవి లెక్కలు బ్రౌజర్‌లో

ప్రశ్న: శేషాచలం అడవుల్లో పది మీటర్ల చదరపు ప్లాట్లు వేసి, చెట్ల వివరాలు ఎక్సెల్‌లో ఎక్కించాను. మా గైడు, తోటి విద్యార్థులు బ్రౌజర్‌లోనే చూసుకునేలా ఉచిత సాధనం ఉందా? నాకు కోడింగ్ రాదు.
– పరిశోధక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఉంది. లెక్కలకు ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష, అందులో వృక్ష సముదాయాల విశ్లేషణకు ‘వేగన్’ ప్యాకేజీ, వెబ్ పేజీకి ‘షైనీ’. మూడూ ఓపెన్ సోర్సే. పేజీ తయారయ్యాక చూసేవారికి కోడింగ్‌తో పని లేదు. తయారీకి మాత్రం కావాలి. ఆర్ తెలిసిన సీనియర్‌ను పట్టుకోండి.

ఈలోగా మీ ఎక్సెల్ షీటుకు మరమ్మతు చేయండి. అసలు తంటా అంతా అక్కడే. అడ్డు వరుసకో ప్లాటు, నిలువు వరుసకో జాతి ఉండాలి. చెట్టు కనిపించని చోట గడి ఖాళీగా వదలక సున్నా వేయండి. ప్లాటు నంబరు 4-2 అని కొడితే ఎక్సెల్ అడగకుండానే తేదీగా మార్చేస్తుంది. ముందొక అక్షరం చేర్చండి. జాలారి చెట్టు శాస్త్రీయ నామాన్ని రెండు స్పెల్లింగుల్లో రాశారో, వేగన్ రెండు జాతులుగా లెక్కిస్తుంది. వైవిధ్య సూచిక ఉత్తపుణ్యానికి పెరిగిపోతుంది! పేర్లను ‘వరల్డ్ ఫ్లోరా ఆన్‌లైన్’లో సరిచూసుకోండి.

సర్వర్ ఖర్చు వద్దనుకుంటే ‘షైనీలైవ్’ ఉంది. లెక్కంతా చూసేవారి బ్రౌజర్‌లోనే నడుస్తుంది. కానీ మీ ప్లాట్లలో ఎర్రచందనం ఉండకుండా ఉంటుందా? అక్కడే జాగ్రత్త పడాలి. షైనీలైవ్ పేజీలో పెట్టిన డేటా ఫైలు పేజీతోపాటే తెరిచినవారి కంప్యూటర్‌లోకి చేరుతుంది. మ్యాపులో చుక్క దాచినా, కాస్త తెలిసినవారు ఫైలు తీసి అక్షాంశ రేఖాంశాలు చదివేస్తారు. దుంగల దొంగలకు దారి చూపే పని మనకెందుకు? బయటపెట్టే ఫైలులో ఆ అక్షాంశ రేఖాంశాల అంకెలను ఒక్క దశాంశ స్థానానికి కుదించండి. గురి సుమారు 11 కిలోమీటర్ల మేరకు మసకబారుతుంది. అంతర్జాతీయ వ్యాపారంపై అత్యంత కఠిన నియంత్రణ ఉన్న సైకాస్ బెడ్డోమీ అనే మొక్కకీ ఇదే పద్ధతి. అసలు ఫైలు మీ దగ్గర, గైడు దగ్గర ఉంటే చాలు. ఈ విషయంలో నేను మొండివాణ్ణే.

ప్రశ్న: సిగ్నల్ లేని అడవిలో ప్లాటు వివరాలు ఫోనులో నమోదు చేయవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: నిక్షేపంగా. ఇంట్లో కంప్యూటర్‌లో ‘క్యూజీఐఎస్’ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌తో ప్రాజెక్టు సిద్ధం చేసుకుని, ఫోనులో ‘క్యూఫీల్డ్’ యాప్ ద్వారా తెరవండి. రెండూ ఉచితమే. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు. వెనక కనిపించే మ్యాపు మాత్రం ముందే ఫోనులోకి ఎక్కించుకోవాలి. లేదంటే తెల్ల తెర మీద చుక్కలే కనిపిస్తాయి. పవర్ బ్యాంకు మరవకండి.