హింజ్ విరిగిన లాప్‌టాప్: బాడీ మార్చాలా, ఈఎంఐలో కొత్తది కొనాలా?

ప్రశ్న: మాది ఆకివీడు. రొయ్యల చెరువుల రైతులకు లెక్కలు రాసిపెడతాను. 2019లో కొన్న లాప్‌టాప్ (ఎనిమిదో తరం ఐ5) ఎడమ హింజ్ (మూతను బాడీకి కలిపే కీలు) దగ్గర పగిలి, మూత తీస్తుంటే కింది బాడీ కూడా లేస్తోంది. భీమవరం షాపులో బాడీ మార్చడానికి 7,500 అడిగారు. 45,000 పెట్టి కొత్తది ఈఎంఐలో తీసుకోమని ఇంట్లో అంటున్నారు. విప్పడం నేనే చేసుకుంటే మిగులుతుందా?

జవాబు: ఈఎంఐ వద్దండి. 15 శాతం వడ్డీతో 18 నెలలకు నెలకు సుమారు 2,807 కట్టాలి, వడ్డీయే 5,500 దాటుతుంది. క్రెడిట్ కార్డు మీద అయితే ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ మరో వెయ్యి. పైగా మీ డబ్బులు వచ్చేది రొయ్యల పట్టుబడి అయ్యాక, వాయిదా మాత్రం ప్రతి నెలా వస్తుంది. రిపేరు చేయించి రెండేళ్లు వాడితే నెలకు 312 పడుతుంది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయినా, ఎనిమిదో తరం ప్రాసెసర్ కాబట్టి మీది విండోస్ 11కి వెళ్తుంది. ఏడో తరమైతే నా జవాబు వేరుగా ఉండేది.

డబ్బు ఇచ్చేముందు బ్యాటరీ చూడండి. టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టుంటే బాడీని లేపుతున్నది హింజ్ కాదు, బ్యాటరీ. దాన్ని నొక్కకండి, గుచ్చకండి, ఛార్జింగ్ ఆపేయండి. కొత్త బ్యాటరీ ఖర్చు కలుపుకునే లెక్క వేయాలి.

ఇక విప్పడం. హింజ్ స్క్రూలు పట్టుకునే ఇత్తడి నట్లు ప్లాస్టిక్‌లోంచి ఊడితే సాధారణంగా ఇలా అవుతుంది. మీది ఊడింది కింది వైపు, అంటే పామ్‌రెస్ట్ (కీబోర్డు చుట్టూ ఉండే, చేతులు ఆనించే భాగం). పై మూత మార్చడం తేలికే కానీ, దీనికి మదర్‌బోర్డు సహా అన్నీ బయటికి రావాలి. చాలా మోడళ్లలో కీబోర్డును ప్లాస్టిక్ బొడిపెలు కరిగించి పామ్‌రెస్ట్‌కు అతికిస్తారు, అందుకే కీబోర్డుతో కలిసిన భాగమే అడగండి. షాపు చెప్పిన 7,500లో అది ఉందో లేదో తేల్చుకోండి. వేలిముద్ర సెన్సర్ రంధ్రం, పోర్టుల కోతలు ఒకే పేరున్న మోడల్‌లోనూ మారతాయి. పాత భాగం లోపలి స్టిక్కర్ మీది పార్ట్ నంబర్ చూసే ఆర్డర్ పెట్టాలి.

సొంతంగా చేస్తే మిగిలేది కూలి మాత్రమే, కానీ ఏదో ఒకటి పాడయ్యే అవకాశమే ఎక్కువ. ముందు బ్యాటరీ కనెక్టర్ తీయకపోతే బోర్డు షార్ట్ కావచ్చు. రిబ్బన్ కేబుల్ (పట్టీలాంటి పలచని తీగ) దూరే సాకెట్‌కు చాలాచోట్ల గోరంత రెక్క ఉంటుంది, అది ఎత్తకుండా లాగితే సాకెట్ విరగొచ్చు. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే బోర్డుకో, పామ్‌రెస్ట్ పైకో పొడుచుకొస్తుంది, కాబట్టి అట్టముక్క మీద బొమ్మ గీసి ఏ స్క్రూ ఆ చోటే గుచ్చుకోవాలి. చెరువు గట్ల ఉప్పుగాలికి స్క్రూలు తుప్పుపట్టి ఉంటే తలలు అరిగిపోతాయి. నా మాట వింటే షాపుకే ఇవ్వండి. ఇచ్చేముందు రైతుల లెక్కలన్నీ బ్యాకప్ తీసి, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు, విండోస్ ఉండే డిస్క్) షాపువాళ్లతోనే తీయించి ఇంట్లో ఉంచుకోండి. విండోస్ ఎక్కకపోయినా, బయాస్ తెర (విండోస్ లేకున్నా వచ్చే సెట్టింగుల తెర) వస్తే డిస్‌ప్లే, కీబోర్డు పనిచేస్తున్నాయో లేదో తెలిసిపోతుంది.

ఒక్కటి మాత్రం దగ్గరుండి చేయించండి: హింజ్ బిగుతు తగ్గించడం. హింజ్ నట్టును పావు చుట్టు చొప్పున కొద్దిగా వదులు చేస్తే చాలు, మరీ ఎక్కువ వదిలితే తెర వాలిపోతుంది. ఆ బిగుతే పాత బాడీలోని ఇత్తడి నట్లను పీకింది, అలాగే వదిలేస్తే కొత్త బాడీనీ పీకుతుంది. డబ్బిచ్చే ముందు మూతను ఒంటి చేత్తో తీసి చూడండి. ఎడమ మూల కొంచెం లేచినా మళ్లీ విప్పించండి.