రాత్రిపూట పైపు పగిలితే ముందు కరెంటు ఆపండి, నీళ్ల సంగతి తర్వాత

మిద్దె మీద బాత్రూంలో పైపు పగిలి నీళ్లు కింద హాల్లోకి కారుతుంటే, ప్లంబర్ వచ్చేలోపు ఏం చేయాలని అడిగారు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

బకెట్లు, గుడ్డలు పట్టుకుని పరిగెత్తకండి. పిల్లల్ని పొడిగా ఉన్న గదిలోకి పంపి, ముందు మెయిన్ స్విచ్ ఆపండి. తిరుపతి కొర్లగుంటలోని మా ఇంట్లో ఒక చలికాలం రాత్రి గీజర్ కనెక్షన్ పైపు పగిలింది. స్లాబులో వైర్ల కోసం వేసిన పైపుల వెంట నీళ్లు దిగి, హాల్లో ఫ్యాన్ దగ్గర ధార కట్టాయి. నాన్న వెంటనే మెయిన్ ఆపారు. అయినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ఇన్వర్టర్ అందుకుంది! మెయిన్ ఆపితే లైను కరెంటు ఒక్కటే పోతుంది. ఇన్వర్టర్ ఇచ్చేది కూడా ప్రాణం తీసే కరెంటే, దాన్ని విడిగా ఆపాలి. కరెంటు కోతల భయంతో మన ఊళ్లో చాలా ఇళ్లల్లో ఇన్వర్టర్ పెట్టించుకున్నారు కానీ, ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచినవాళ్లు తక్కువ. దయచేసి ఈ రోజే చెప్పండి.

మీటరు బోర్డు తడిసినా, దాని కింద నీళ్లు నిలిచినా చేయి పెట్టొద్దు. బయటికి వచ్చి 1912కి ఫోన్ చేయండి, కరెంటు వాళ్ల ఫిర్యాదుల నంబరు అది.

ఆ తర్వాత ట్యాంకు దగ్గరి వాల్వు. పిడి పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు. చక్రం లాంటిదైతే కుడివైపు తిప్పాలి. చీకట్లో తడి మెట్లు ఒక్కరే ఎక్కకండి, టార్చి పట్టుకునే మనిషి తోడుండాలి. మన బోరు నీళ్లకు వాల్వు లోపల తెల్లగా ఉప్పు పేరుకుని బిగుసుకుపోతుంది. మా ఇంట్లో ఆ రాత్రి అది కదలనే లేదు. పానా వేసి బలవంతంగా తిప్పితే వాల్వు ట్యాంకు మొదట్లోనే విరగొచ్చు, అప్పుడు ట్యాంకు మొత్తం మీ మీదే. దానికి బదులు అదే లైనులో ఉన్న కింది అంతస్తు కొళాయిలన్నీ తిప్పేసి నీళ్లు అటు పోనివ్వండి. మేం అదే చేశాం, పగిలిన చోట ధార సన్నబడి, ట్యాంకు ఖాళీ అయ్యాక ఆగిపోయింది. మోటారుకి ఆటోమేటిక్ స్టార్టర్ ఉంటే దాన్నీ ఆపి ఉంచాలి. లేదంటే కరెంటు వేయగానే ఖాళీ ట్యాంకుని అది మళ్లీ నింపుతుంది. వాల్వు మళ్లీ బిగుసుకుపోకుండా ఇప్పుడు మేం నెలకోసారి దాన్ని మూసి తెరుస్తుంటాం.

పైపులో చిన్న చీలిక అయితే పాత సైకిల్ ట్యూబు ముక్క గట్టిగా చుట్టి, పైన బైండింగ్ వైరు బిగిస్తే పొద్దున దాకా ఆగుతుంది. గీజర్‌కి వెళ్లే లైనులో మాత్రం ఇలాంటి అతుకులు వద్దు. అక్కడ వేడి నీళ్లు తట్టుకునే సీపీవీసీ పైపే వేయించాలి, మామూలు పీవీసీ మెత్తబడిపోతుంది. పని పూర్తయ్యి, గీజర్ నిండి, వేడినీళ్ల కొళాయిలో ధార సరిగా వచ్చేదాకా గీజర్ స్విచ్ వేయకండి. లోపల నీళ్లు లేకపోతే కాయిల్ కాలిపోతుంది. సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయని దానికి బిరడా కొట్టేవాళ్లని చూశాను, చాలా ప్రమాదం. గీజర్ లోపల ఒత్తిడి పెరిగితే బయటికి పోవడానికి పెట్టిన దారి అదే.

స్లాబు తడి ఆరి, ఎలక్ట్రీషియన్ చూశాకే నీళ్లు కారిన గదికి కరెంటు ఇవ్వండి.

డ్రైనేజీ పైపు మూసుకుపోతే యాసిడ్ పోయొచ్చా అని చివర్లో అడిగారు. వద్దు. అంతకుముందు ఎవరైనా బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంటే రెండూ కలిసి క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన బాత్రూంలో అది ఊపిరి ఆడనివ్వదు. ముందు రబ్బరు పంపుతో కొట్టి చూడండి, కదలకపోతే ప్లంబర్‌ని పిలవండి.