గురువారానికి ఖాళీ ఉంది, మే నెలకు లేదు

నల్లగొండ నుంచి ఒక టీచర్ ఉత్తరం రాశారు. ప్రైవేట్ స్కూల్లో ఆమె జీతం 18,000. భర్త రోజూ బస్సులో మిర్యాలగూడ పోయి రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు, ఆయనకు 29,000. ఇద్దరు పిల్లలు. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఓపిక లేక వారంలో నాలుగు రోజులు కర్రీ పాయింట్ నుంచే తెచ్చుకునేవారు. ఇప్పుడు ఆదివారం పూట కూర్చుని వారం వంటంతా కాగితం మీద రాసుకుని, కూరగాయలకు ఒక్కసారే పోతున్నారు. నెలకు 4,500 మిగులుతోంది. ఇక ప్రశ్న: "వండి దాచుకోవడానికి పెద్ద ఫ్రిజ్, గ్రైండర్ కొందామనుకుంటున్నాం. 48,000 అవుతుంది. తెలిసినాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. మిగిలేదాంతో ఏడాదిలో తీర్చేస్తాం. తీసుకోవచ్చా?"

వద్దు, టీచరమ్మా.

మీరు పంపిన వంటల కాగితం చూశాను. సోమవారం పుంటికూర పప్పు, మంగళవారం ఆలుగడ్డ టమాట, బుధవారం కోడిగుడ్ల పులుసు. గురువారం దగ్గర ఖాళీ. పక్కన చిన్న అక్షరాలతో "ఏమన్నా అడ్డం పడితే పచ్చిపులుసు, ఆమ్లెట్" అని ఉంది. ఆ కాగితం మొత్తంలో నాకు నచ్చింది ఆ గురువారమే. వారం అనుకున్నట్టు నడవదని మీకు తెలుసు కాబట్టే, పెద్దగా పొయ్యి పని లేని పులుసును అట్టిపెట్టుకున్నారు. అదే మనిషి డబ్బు దగ్గరికొచ్చేసరికి, చేతికింకా రాని 12 నెలల మిగులును కూడా ఇప్పుడే ఖర్చుకు రాసేశారు. ఈ పొరపాటు మీ ఒక్కరిదే అయితే ఇక్కడ రాసేవాణ్ని కాదు. కష్టపడి ఖర్చు తగ్గించుకున్నవాళ్లే ఆ మిగులును చూసుకుని ధైర్యంగా అప్పు తెచ్చుకోవడం నేను ఎప్పుడూ చూస్తున్నదే.

అసలు సంగతి మీ ఉత్తరంలో చివర, ఒక్క వాక్యంలో ఉంది. మే నెలలో స్కూలు జీతం ఇవ్వదు. పోయిన ఏడాది కిరాణా కొట్లో 11,000 బాకీ పడి, దసరా దాకా తీరుస్తూ వచ్చారు. ఖాతా పెట్టినవాళ్లకు బేరమాడే నోరు ఉండదు, ఏ రేటు వేస్తే ఆ రేటే. మే నెలను మీరు ఆపద అంటున్నారు. కానీ అది ఏటా అదే తేదీకి వస్తుంది కదా! నిజమైన ఆపద అంటే 2020. బడులు మూతపడితే ఎంతమంది ప్రైవేట్ టీచర్లు కూలికి పోయారో నాకన్నా మీకే బాగా తెలుసు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించేదాకా వచ్చింది పరిస్థితి. ఆ ఉద్యోగంలోనే ఉన్న మీరు చేతిలో ఒక్క నెల ఖర్చు కూడా లేకుండా ఫ్రిజ్ కోసం అప్పు అడుగుతున్నారు!

ఆ వడ్డీ లెక్క కూడా చూడండి. వడ్డీకిచ్చే ఆయన నెలనెలా కొంచెం కొంచెం అసలు తీసుకోడు, వడ్డీ తీసుకుంటాడు. నెలకు 960, ఏడాదికి 11,520. అంటే రెండున్నర నెలల మీ మిగులు. అసలు ఒక్కసారిగా కట్టాలి, ఈలోపు మే వస్తుంది. అప్పుడు ఏం చేస్తారు? ఇంకో అప్పా? ఉన్న ఫ్రిజ్ బాగానే పనిచేస్తోందని రాసిన మీకు ఈ తొందర ఎందుకో నాకు అర్థం కాలేదు.

చిట్టీ ఉంది కదా అంటారు. అవసరం నెత్తిమీదున్న నెలలో పాటకు కూర్చున్నవాళ్లు ఎంత నష్టానికి ఎత్తుకుంటారో ఒకసారి మీ చిట్టీ పుస్తకం తిరగేయండి.

తప్పని ఖర్చులు 36,000 అన్నారు, చిట్టీకి 5,000. మేలో వచ్చేది 29,000 మాత్రమే కాబట్టి 12,000 తక్కువ పడుతుంది. మొదటి మూడు నెలల మిగులు 13,500 అచ్చంగా మే నెలకే. ఆ తర్వాత ఎనిమిది నెలల్లో ఒక నెల ఖర్చు 36,000 చేరుతుంది. మొత్తం పదకొండు నెలలు. అప్పుడు మీకు ఇంకా ఫ్రిజ్ కావాలనిపిస్తే కొంత దాచి, నగదుకే కొనండి. ఆ 36,000ను మాత్రం ముట్టుకోవద్దు, అది మూడు నెలల ఖర్చుకు పెరగాలి. జీతం పడ్డ రోజే ఈ డబ్బు వేరే బ్యాంకు ఖాతాకు పోవాలి. ఆ ఖాతాకు యూపీఐ పెట్టుకోవద్దు. నెలనెలా కట్టే పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది, ఈ పనికి సరిపోదు. నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసే సిప్‌లు, బంగారం తర్వాత చూద్దాం.

ఒకటి మీరు రాయలేదు. రోజూ మిర్యాలగూడ పోయొచ్చే మీ వారికి టర్మ్ పాలసీ, అంటే మనిషికేమన్నా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా, ఉందా? లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. ఆ ప్రీమియం 4,500లోంచి తీసినందుకు పదకొండు నెలలు పన్నెండైనా, పదమూడైనా ఫర్వాలేదు.